అంచు ముక్క

సీసా మీద పేరు: నోల్బెర్తో కార్కమో, అరవై ఏడు.
ఎడమ చెవి వెనక. నాలుగు మిల్లీమీటర్లు.
ఫార్మలిన్ అడుగున
మిరపగింజంత మనిషి.

పుంటా అరెనాస్‌లో గాలికి సెలవుండదు.
ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీ
రోజంతా పళ్ళు కొరుకుతూనే ఉంటుంది.
ఆ చప్పుడులోనే నా పని:
ముక్కలోంచి నీళ్ళు తీసేయడం, మైనం పట్టించడం,
ఒక్క వెంట్రుకను పదిహేను పొరలు చేసినంత
పల్చగా కోయడం.
కోసిన పొర గోరువెచ్చని నీటి మీద పడి
మెల్లగా ముడతలు విప్పుకుంటుంది.
ఊపిరి బిగబట్టి గాజుపలకతో ఎత్తుతాను.
తుమ్మొచ్చిందా,
ఒక మనిషి ఎగిరిపోయినట్టే.

ఇక్కడ వసంతంలో ఆకాశానికే చర్మం పల్చబడుతుంది.
మబ్బుంది కదా అని టోపీ పెట్టని వాళ్ళ
మెడలూ చెవులూ నా బల్ల మీదికి వస్తాయి.

ఈయన పుండును పైనుంచి చూసి
ముగ్గురు మూడు పేర్లు పెట్టారు:
ఎగ్జిమా, ఫంగస్, చలి పగులు.
ఏడాదిపాటు మూడు పేర్లకూ మూడు ట్యూబులు పూశాడు.

మొదటి ముక్క ఏమీ చెప్పలేదు.
పొక్కు, ఎండిన నెత్తురు, చచ్చిన కణాల చెత్త.
డాక్టర్ ఇస్మేనియా వుకసోవిచ్
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది.
"పుండు నడిమధ్య తీశారు.
కాలిన ఇంట్లో బూడిదనడిగితే
నిప్పెటునుంచి వచ్చిందో చెబుతుందా?
అంచు కావాలి. మంచి చర్మమూ చెడ్డ చర్మమూ
పోట్లాడుకునే చోటు."

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలనేది
ఒకే మంట మీద ఉడికిన గిన్నెకు.
మనిషి ఒళ్ళు అలా ఉడకదు.

ఫోన్ చేయడం నా వంతయింది.
గొర్రెల ఎస్టేటులో కంచెలు బిగించే పని ఆయనది,
నలభై ఏళ్ళుగా.
నాలుగు గంటలు బస్సులో వచ్చాడు. విసుక్కోలేదు.
"ఉన్ని కొనేవాడు డొక్క దగ్గర ఒక్క పోగు లాగి చూస్తాడమ్మా.
తోక దగ్గర లాగితే సరుకంతా దండగే అనిపిస్తుంది.
మీవాళ్ళు తోక దగ్గర లాగినట్టున్నారు."
మత్తుసూదికి మాత్రం ఒక బూతుమాట అని
వెంటనే నర్సుకు క్షమాపణ చెప్పాడట.
గుండ్రటి బ్లేడు, ఒక తిప్పు, ఒక ఎత్తు.
రెండు కుట్లు.

ఊదాలో ఒకసారి, గులాబీలో ఒకసారి ముంచిన పొరను
గురువారం మధ్యాహ్నం డాక్టర్ పిలిచి చూపించింది.
కణాలు గుంపులు గుంపులు.
ప్రతి గుంపు అంచునా వరసగా, నిటారుగా,
కర్రలు పాతినట్టు.
కర్రల అవతల సన్నటి ఖాళీ.
గాలికెదురుగా నలభై ఏళ్ళు కంచెలు పాతినవాడి
చెవి వెనక
కంచె కట్టుకుని కూర్చుంది జబ్బు.
నవ్వాలనిపించింది. నవ్వలేదు.

"బేసల్ సెల్ కార్సినోమా," డాక్టర్ చెప్పింది ఆయనకు,
"క్యాన్సరే. కానీ ఉన్నచోటే మేస్తుంది.
దూరాలు పోవడం చాలా అరుదు. కోసి తీసేస్తాం."
ఆయన కాసేపు బూట్లు చూసుకుని,
"నా ముక్క ఏదీ?" అన్నాడు.

తెచ్చి అరచేతిలో పెట్టాను.
మైనపు బిళ్ళ, లోపల గోధుమరంగు చుక్క.
వాసన చూశాడు.
"మా అమ్మ గొర్రెకొవ్వుతో కొవ్వొత్తులు పోసేది.
అచ్చం ఇలాగే. ఎన్నేళ్ళు దాస్తారు దీన్ని?"
"పదేళ్ళు."
"అబ్బో," అన్నాడు, "నాకన్నా దానికే
గట్టి ఇల్లు దొరికింది."

ఆపరేషన్ తేదీ రాసిన చీటీ బల్ల మీదే మరిచిపోయాడు.
గేటు దాకా పరిగెత్తాను.
గాలి దాన్ని లాక్కోబోయింది.
చెరో అంచూ పట్టుకుని నిలబడ్డాం
ఇద్దరం,
బస్సు హారన్ కొడుతుంటే.